కంచం ఖాళీగా పోకూడదు

"మళ్ళీ చూడు," అన్నాడు బిజెక్.

లుఫీనా మూడో బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చింది. గింజ తగలాల్సిన చోట మెత్తగా పిండి తగిలింది. వేళ్ళ సందున ఏదో పాకింది. చెయ్యి బయటికి తీస్తే బూడిద పూసుకున్నట్టుంది. ఆ బూడిద మీద ముక్కపురుగులు, విడిదిల్లు చూసుకుంటున్న పెళ్ళివారిలా తీరిగ్గా తిరుగుతున్నాయి.

"చూశాను. ఇంకెన్నిసార్లు చూడమంటారు? చూసినకొద్దీ గింజలవుతాయా?"

"అడుగున చూశావా?"

"అడుగునే చూశాను. పైన నాలుగు గింజలున్నాయి, అవీ పైపెంకే. నొక్కితే పొట్టు."

"గోడవైపు బస్తా?"

"మీరే చూసుకోండి."

బిజెక్ నడుం దగ్గరి చాకు తీసి గోడవైపు బస్తాకి గాటు పెట్టాడు. పొడి సన్నటి ధారగా కారడం మొదలైంది. అతను ఆపలేదు. కాలి బొటనవేలి మీద చిన్న కుప్ప పడేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఏడు బస్తాల పంటలో రెండు తినేశారు, ఐదు మిగిలాయి. కోతల నాటినుంచీ ఆ బస్తాలే బిజెక్ నడకలోనూ ఉన్నాయి, గొంతు సవరింపులోనూ ఉన్నాయి. చిల్వా మైదానంలో ఫిబ్రవరి వచ్చిందంటే గాదెలు ఊడ్చిపెట్టినట్టుంటాయి. కొత్త కండె పాలు పోసుకోవడానికి ఇంకా మూడు వారాలు పడుతుంది. అలాంటి నెలలో ఐదు బస్తాలున్న మగాడు ఊరికే తల వంచుకు నడుస్తాడా?

"మీ అక్క ఇంటినుంచే వచ్చుంటాయి," అన్నాడు చివరికి.

"ఏవి?"

"పురుగులు."

లుఫీనాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మా అక్క ఇంట్లో క్రిస్మస్ నాటికే గింజ అయిపోయింది. మనుషులకే లేనిచోట పురుగులు ఏం తిని బతికాయండీ?"

"వెటకారం వద్దు."

"అమ్మ చెప్పింది. హైబ్రిడ్ గింజ మెత్తన, ఒలవొద్దు, కండెలు పొట్టుతోనే పొయ్యిమీద పొగకి వేలాడదియ్యమంది."

"మీ అమ్మ నాతో ఎప్పుడు చెప్పింది?"

"మీతో ఎలా చెబుతుంది? అల్లుడికి ఎదురుపడి మాట్లాడే అత్త ఈ ఊళ్ళో ఉందా? నాతో చెప్పింది, నేను మీతో చెప్పాను. మీరేమన్నారు? పొగకంపు కొట్టే మొక్కజొన్న మా ఊరు ఎంచేవులో కుక్క కూడా ముట్టదన్నారు. బస్తాల్లో పోసి, గదిలో పెట్టి, తాళం వేశారు. దొంగ రాకుండా వేసిన తాళం పురుగుని బయటికి పోనివ్వలేదు."

బిజెక్ బస్తా గాటు మీద బొటనవేలు అదిమి, కారే పొడి ఆపబోయాడు. అది చూస్తే లుఫీనాకి జాలి కలగాల్సింది గానీ, కలగలేదు. ఒళ్ళు మండింది.

ఈ పొలమంతా జొన్నే వెయ్యాలని పట్టుబట్టింది అతనే. మూలనున్న కర్రపెండలం మడి దున్నించాడు. సాళ్ళ మధ్య గుమ్మడి పాదులు అడ్డమన్నాడు, కంది మొక్కలు నీడన్నాడు. అన్నీ పీకించి బారులు తీర్చి జొన్న నాటించాడు. పంట బాగానే పండింది. ఇప్పుడు ఇంట్లో పెండలం లేదు, గుమ్మడాకు లేదు, కంది లేదు. ఐదు బస్తాల పురుగులున్నాయి.

"నిన్న దంచిన పిండి అయిపోయింది," అంది లుఫీనా. "ఇది జల్లించి మధ్యాహ్నం పిల్లకి జావ కాచాను. చేదని ఉమ్మేసింది. రాత్రికి ఏం పెట్టమంటారు?"

"ఎవరికీ చెప్పకు."

"ఏం పెట్టమంటారు అని అడుగుతున్నాను."

"నేనూ చెబుతున్నాను. ఎవరికీ చెప్పకు. పొయ్యి మాత్రం వెలిగించు. పొగ కనబడాలి."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. లుఫీనా చీపురు తీసుకుని నేలమీది పురుగుల్ని పెరటి గుమ్మంలోంచి బయటికి ఊడ్చింది. ఎక్కడినుంచో తల్లి పెంచే మెడ ఈకలు రాలిన కోడి పరుగెత్తుకొచ్చి, ఆ రోజుకి ఈ లోకంలో తనొక్కతే అదృష్టవంతురాలన్నట్టు ఏరుకు తినసాగింది.

*

బోరింగు దగ్గర వరస పెద్దగా ఉంది. ముందే ఉన్న ఎనీఫా చెల్లెల్ని చూసి కూడా చూడనట్టు బిందె తిప్పుకుంది. ఎనీఫా ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దది. సాయంత్రం భోజనాల చాప పరిచేది ఆవిడ వాకిట్లోనే.

అందరికన్నా చిన్నది జియోనే. దానికి మౌనం చేతకాదు.

"వచ్చావా అక్కా? నాలుగు రోజుల్లో కాస్త ఒళ్ళు చేసినట్టున్నావే!"

"ఊరుకో జియోనే."

"ఊరుకుంటాలే. నేనొక మాట అంటేనేగా ఇంత రాద్ధాంతమైంది."

అన్నది నిజమే. ఆ మాట తలుచుకుంటే లుఫీనాకి ఇప్పటికీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

పొద్దు వాలేసరికి తల్లీ ముగ్గురు కూతుళ్ళూ ఎవరి పొయ్యి మీద ఉన్నది వాళ్ళు కంచంలో పెట్టుకుని, పైన చేట బోర్లించి, ఎనీఫా వాకిట్లో చాప మీదికి తెస్తారు. ఒకరిది జొన్నపిండి సంకటి, న్సీమా, ఒకరిది ఉడికిన పెండలం, తల్లిది పల్లీపొడి చల్లిన గుమ్మడాకు కూర. నాలుగు కంచాలు కలిస్తే ఒక భోజనం. విడదీస్తే ఒకరికి ఉత్త సంకటి, ఒకరికి ఉత్త ఆకు. ఆడవాళ్ళూ పిల్లలూ అక్కడ తింటారు. మగవాళ్ళకి ఒక్కో ఇంటినుంచి ఒక్కో కంచం జైలోసి మేనమామ వాకిట్లోకి వెళుతుంది. అల్లుళ్ళు ఎవరి చాప వాళ్ళు చంకన పెట్టుకుని వెళ్ళి కూర్చుంటారు.

ఆ రోజు జియోనే కంచంలో ఉడకబెట్టిన మామిడికాయలు తప్ప మరేం లేవు. దాని మొగుడు రెండు వానాకాలాల కిందట చాప చుట్టుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ దారినే పోతూ బిజెక్ ఆగి, "మరదలు మామిడికాయ పెట్టి న్సీమా కొట్టేస్తోందే!" అన్నాడు. జియోనే ఊరుకుంటుందా? "బావ జొన్నా బావలాగే ఉంటుంది. చూడ్డానికి బలుపు, నొక్కితే మెత్తన," అంది. చాప మీదివాళ్ళంతా పగలబడి నవ్వారు. అవతలి వాకిట్లో మేనమామ కూడా నవ్వాడు.

మరదలు ఆ మాత్రం అనకపోతే ఇక బావ అన్న పిలుపెందుకు? బావామరదళ్ళ పరిహాసానికి కోపం తెచ్చుకున్నవాణ్ణి ఆ ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూడలేదు. బిజెక్ తెచ్చుకున్నాడు. మేనమామ వాకిట్లోంచి తన చాప తీసుకుని ఇంటికొచ్చి, ఇకనుంచి నా ఇంట్లో వండింది నా ఇంట్లోనే తింటాం అన్నాడు. తలుపు మూశాడు. పొయ్యి ఇంట్లోకి మార్చి నాలుగు రోజులైంది. పొయ్యి బయటున్నప్పుడు తల్లి వచ్చి రాయి మీద కూర్చుని కబుర్లు చెప్పేది. అల్లుడు పడుకునే ఇంటి గడప అత్త దాటకూడదు. పొయ్యి లోపలికొచ్చింది, తల్లి బయటే ఉండిపోయింది.

ఎనీఫా బిందె నిండింది. తలమీదికి ఎత్తుకోలేదు. పక్కనున్న గంపలోంచి ఒక కంచం తీసింది. అంచున నీలిగీత ఉన్న లుఫీనా కంచం, నాలుగు రోజుల కిందట ఆ చాప మీద వదిలేసి వచ్చింది.

"నీ కంచం."

లుఫీనా రెండు చేతులూ చాపి అందుకుంది. అందుకున్నాక చూసింది. బూడిదతో తోమి, కడిగి, తుడిచి ఉంది. అందులో ఏమీ లేదు.

వరసలో ఉన్నవాళ్ళు మాటలాపేశారు. పొరుగింటి కంచం తిరిగి వెళ్ళేటప్పుడు అందులో ఏదో ఒకటి పడాలి. ఏమీ లేకపోతే చిటికెడు ఉప్పయినా, ఒక పచ్చి మిరపకాయైనా. పగవాడి కంచం కూడా ఉత్తది పంపరు.

"అక్కా..." అంది జియోనే మెల్లిగా. "నేను మామిడికాయ పెట్టాను కదా అందులో."

"నేను తీసేశాను," అంది ఎనీఫా. "తెల్ల న్సీమా తినేవాళ్ళకి మామిడికాయలెందుకు?"

"అంత మాట అనకక్కా," అంది లుఫీనా.

"ఏం మాట అన్నాను? నీ మొగుడు కష్టపడి పండించాడు, నువ్వు తింటున్నావు. తినమ్మా. నా పిల్లలు సాయంత్రం నీ ఇంటి పొగ చూసి చేతులు కడుక్కుని కూర్చుంటున్నారు. అది అలవాటు, నీ తప్పు కాదు. అమ్మ తన వాటా పిల్లల కంచంలోకి తోసి, ఆకలి లేదంటోంది. అది ముసలితనం, అదీ నీ తప్పు కాదు."

"మేం తినడం లేద..." అని నోటిదాకా వచ్చింది. పొగ కనబడాలి అన్న మొగుడి మాట గుర్తొచ్చి నోరు మూసుకుంది.

"ఏంటి?"

"ఏం లేదు."

"ఏం లేదని తెలుసులే." ఎనీఫా బిందె ఎత్తుకుంది. "నీ చోట మూడు రోజులు ఖాళీగా ఉంచాను. నిన్నటినుంచి పిల్లలు సర్దుకు కూర్చుంటున్నారు."

జియోనే వెనకే ఉండిపోయింది. "బావ ఊరికే అలిగాడు కదా? చాప చుట్టే ఆలోచన ఏం లేదు కదా అక్కా?"

"లేదు."

"మా ఆయన కూడా మొదట తలుపే మూసుకున్నాడు," అంది జియోనే. ఈసారి నవ్వలేదు.

లుఫీనా అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. ఇటు నిజం చెబితే మొగుడు దక్కడు, అటు చెప్పకపోతే తోబుట్టువులు దక్కరు. ఈ రెంటిలో దేనికీ కారణం తను కాదు, మోసేది మాత్రం తను. ఉత్త కంచం చంకన పెట్టుకుని, నిండు బిందెతో ఇంటికి నడిచింది.

*

పొద్దు వాలింది. పొయ్యి మీద కుండలో నీళ్ళు మరుగుతున్నాయి.

"తిప్పు," అన్నాడు బిజెక్.

"ఏం తిప్పను?"

"తెడ్డు పెట్టి తిప్పు. వీధిలోకి చప్పుడు వినబడాలి."

"ఉత్త నీళ్ళనా?"

"గొంతు తగ్గించు!"

లుఫీనా తెడ్డు తీసుకుని నీళ్ళలో పెట్టి తిప్పింది. ఐదేళ్ళ టదాలా గోడకి ఆనుకుని కూర్చుని తల్లి చేతినీ కుండనీ మార్చి మార్చి చూసింది. "అమ్మా, పిండి పొయ్యలేదు," అంది.

"పోస్తానమ్మా."

"ఎప్పుడు?"

లుఫీనా మొగుడి వంక చూసింది. అతను తలుపు గడియ వంక చూస్తున్నాడు.

"చెప్పండి. ఎప్పుడు పొయ్యను? మూడు వారాలు నీళ్ళు తిప్పమంటారా? కొత్త కండె వచ్చేదాకా తిప్పుతాను. నా చెయ్యి గట్టిదే. దాని కడుపు సంగతి చెప్పండి."

"రేపు మా ఊరు వెళతాను. అన్న దగ్గర రెండు గంపలు తెస్తాను."

"ఎంచేవు వెళ్ళి రావడానికి ఐదు రోజులు. ఆ అన్నే కిందటి నెల మన దగ్గర పిండి పట్టుకెళ్ళాడు. ఎదురింట్లో అక్క ఉంది. నలభై అడుగులు నడిస్తే పెండలం ఉంది. అడగడానికి మీకు నామోషీ."

"ఎవరికి నామోషీ? అందరి ముందూ లేచొచ్చి తలుపేసుకున్నాను. ఇప్పుడు వెళ్ళి, నా జొన్న మీ చెల్లెలు చెప్పినట్టే మెత్తగా అయిపోయింది, పెట్టండమ్మా అనాలా? నేనిక్కడ అల్లుణ్ణి లుఫీనా! నేల మీది, పిల్ల మీ వంశం, ఊళ్ళో మాట మీ మేనమామది. ఈ ఊళ్ళో నాదంటూ ఉన్నవి ఆ బస్తాలొక్కటే. అవీ పోయాయి."

ఆ మాటకి లుఫీనా చెయ్యి ఒక క్షణం ఆగింది. అంతకుముందెప్పుడూ అతను అలా చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేదో కూడా తెలియదు.

"తిప్పు," అన్నాడు మళ్ళీ, ఈసారి నీరసంగా.

బయట అడుగుల చప్పుడయింది. కర్ర పొడుచుకుంటూ వచ్చి గుమ్మానికి అవతల ఎవరో ఆగారు. బిజెక్ ఒక్క అడుగు వెనక్కి వేసి గోడ చాటుకి జరిగాడు. ఆ కర్ర ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"ఏమే కోడీ!" అంది నాబాండా ముసలమ్మ గొంతు. "ఇక్కడున్నావా? నీకోసం ఊరంతా తిరిగాను."

ముసలమ్మ కూతుర్ని పిలవలేదు, తలుపు కొట్టలేదు. అల్లుడు లోపలున్న ఇంటి ముందు అత్త మాట్లాడాలంటే కోడి ఉండాలి, లేకపోతే కుక్కయినా ఉండాలి.

"ఇటు రా, నీ గొంతు సంచి చూడనీ. అమ్మమ్మమ్మ! ఊరు ఊరంతా డొక్కలు ఎండుకుపోయిన నెలలో నువ్వొక్కదానివి ఇలా ఉబ్బావేమే? ఏం తిన్నావు? జొన్నలు తిన్నావా? జొన్నలు విసిరేసే మారాజు ఈ ఊళ్ళో ఎవరున్నారు? ముక్కపురుగులు తిన్నావు. ఇన్ని పురుగులు బయటికి వచ్చాయంటే లోపల గింజ ఉందా?"

లుఫీనా చేతిలో తెడ్డు ఆగిపోయింది. బిజెక్ తిప్పు తిప్పు అని చేత్తో సైగ చేశాడు. తిప్పింది.

"నాకు చూపు తగ్గింది గానీ చెవులు బాగానే ఉన్నాయే కోడీ. న్సీమా ఉడికితే కుతకుతలాడుతుంది. లోపలి కుండ సలసలలాడుతోంది. డెబ్భై ఏళ్ళు కుండల పక్కన కూర్చున్నదానికి ఉత్త నీళ్ళ చప్పుడు తెలియదా?"

టదాలా, "అమ్మమ్మా!" అని లేవబోతే తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నేనెవరినీ ఏమీ అనడం లేదు. అనడానికి ఇక్కడెవరున్నారు, నువ్వూ నేనే. ఇదిగో, నా కంచం ఇక్కడ పెడుతున్నాను. చేట బోర్లించాను, నువ్వు ముట్టుకోకు. నేను అటు తిరిగి పోతున్నాను. వెనక్కి చూడను. మా ఇంటి కంచాలు ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఆ సంగతి కోడికి తెలియకపోయినా నా కూతురికి తెలుసు."

కర్ర చప్పుడు దూరమైంది.

లుఫీనా గడియ తీసింది. కంచంలో రెండు పెండలం ముక్కలు, గుప్పెడు గుమ్మడాకు కూర ఉన్నాయి. అది ఒక మనిషి తిండి. ఆ మనిషెవరో అడగక్కర్లేదు.

టదాలా ముందు ఒక ముక్క పెట్టింది. పిల్ల వేళ్ళు కాలినా ఊదుకోకుండా తినసాగింది. రెండో ముక్క సగం చేసి మొగుడి వైపు చాపింది.

"నాకొద్దు."

"తినండి."

"అత్త నోటిదగ్గరి కూడు నేను తినాలా?"

"మరి ఇన్నాళ్ళూ చాప మీద ఎవరెవరి నోటిదగ్గరివి తిన్నారు? ఎనీఫా కందులు తినలేదా? అమ్మ ఆకుకూర తినలేదా? జొన్న మీది కాబట్టి పెట్టేది మీరొక్కరే అనుకున్నారు."

అతను తీసుకోలేదు. ఆ సగం కూడా పిల్ల ముందే పెట్టింది.

కంచం ఖాళీ అయింది. లుఫీనా దాన్ని తోమి, తుడిచి, అందులో ఏం వెయ్యాలా అని ఇంట్లో నలువైపులా చూసింది.

"ఉప్పు వెయ్యి," అన్నాడు బిజెక్, ఆమె ఏం ఆలోచిస్తోందో కనిపెట్టినట్టు. "ఉప్పు వేసి పిల్లచేత పంపు."

"ఉప్పు మొన్ననే అయిపోయింది. ఎనీఫాని అడిగి తెచ్చుకునేదాన్ని."

"మిరపకాయ?"

"మిరప మొక్కలూ ఆ పెండలం మడిలోవే. దున్నించారు కదా."

లేచింది. బస్తాల గదిలోకి వెళ్ళింది. గాటు పడిన బస్తా కింద కుప్పలోంచి రెండు దోసిళ్ళు ఎత్తి కంచంలో పోసింది. పురుగులతో సహా పోసి, పైన చేట బోర్లించింది.

బిజెక్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఏం చేస్తున్నావ్?"

"మన ఇంట్లో ఉన్నది పంపుతున్నాను. లేనిది ఎక్కడినుంచి తేను?"

"లుఫీనా, నా పరువు..."

"పరువు కూడా జల్లించి చూశానండీ. పొట్టే మిగిలింది. జరగండి."

అతను జరిగాడు. అతను జరుగుతాడని లుఫీనా అనుకోలేదు.

*

నలభై అడుగులు. అవి అంత దూరమని లుఫీనాకి అంతకుముందెప్పుడూ అనిపించలేదు.

చాప మీద అందరూ కూర్చున్నారు. ఆమె చోట ఎనీఫా పిల్లలిద్దరు సర్దుకుని ఉన్నారు. మొదట జియోనే చూసింది. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి జరగమంది. నాబాండా ఏమీ అనలేదు, కోడి పక్కనే ఉన్నా దాంతోనూ మాట్లాడలేదు.

లుఫీనా కూర్చుని కంచం మధ్యలో పెట్టింది.

"ఓహో!" అంది ఎనీఫా. "లేవండర్రా, చేతులు కడుక్కోండి! తెల్ల న్సీమా వచ్చింది. నాలుగు రోజులు తలుపులేసుకుని తిన్నవాళ్ళకి ఇవాళ మనం గుర్తొచ్చాం."

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి తపేలా దగ్గరికి పరుగెత్తారు. నీళ్ళు కారుతున్న ఎనిమిది జతల చేతులతో తిరిగొచ్చి కూర్చుని చేట వంక చూశారు.

"అక్కా, ఆగు," అంది లుఫీనా. "ముందు నేను చెప్పేది..."

"చెప్పేది తర్వాత చెబుదువుగాని. పిల్లలు ఆకలితో ఉన్నారు."

ఎనీఫా చేట ఎత్తింది.

ఎత్తింది, అలాగే పట్టుకుంది. ఒక పురుగు కంచం అంచుదాకా వచ్చి నీలిగీత కోసం వెతుకుతున్నట్టు తిరిగింది. ఆ కంచానికి నీలిగీత లేదు, అది తల్లి కంచం. ఎనీఫా ఆ పురుగునీ, తల్లి మొహాన్నీ, చెల్లెలి చేతులకి అంటిన తెల్లపొడినీ చూసింది. పిల్లలు మెడలు చాచేలోపలే చేట టప్పున మూసేసింది.

"కాలుతోందర్రా," అంది. "చల్లారనివ్వండి. ముందు పెండలం తినండి."

"పొగ రావడం లేదు కదమ్మా?" అన్నాడొకడు.

"కాలుతోందన్నానా లేదా!"

పిల్లలు పెండలం మీద పడ్డారు. ఎనీఫా గొంతు తగ్గించింది. "అన్నీనా?"

"అన్నీ."

"ఎప్పుడు చూశారు?"

"ఇవాళే. పొద్దున."

"పొద్దున! అంటే బోరింగు దగ్గర నేను అన్ని మాటలంటుంటే... నోట్లో నాలుక లేదటే నీకు? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?" ఎనీఫా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళకి ఇంకా కోపం వచ్చింది. "రోజూ సాయంత్రం నీ ఇంటి పొగ చూసి, ఆ జొన్న పుచ్చిపోనూ అని తిట్టుకున్నానే. నా నోరే తగిలింది."

"నీ నోటికి అంత శక్తే ఉంటే మా ఆయన ఎప్పుడో తిరిగొచ్చేవాడు," అంది జియోనే. ఎవరూ నవ్వకపోయినా లుఫీనాకి ఆ మాటతో కాస్త ఊపిరాడింది.

ఎనీఫా ఒక పెండలం ముక్క తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "తిను. ముందు తిను. పొడి సంగతి రేపు చూద్దాం, జల్లెడ పట్టి కోళ్ళకైనా వేద్దాం. మరి ఆయన? చెప్పే వచ్చావా?"

లుఫీనా నోరు తెరిచేలోపల టదాలా చీకటి పడుతున్న వాకిలి దాటి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! నాన్న చాప చుడుతున్నాడు."

జియోనే లేచి నిలబడింది. ఆ మాట ఎలా ఉంటుందో చాప మీద అందరికన్నా దానికే తెలుసు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. నాలుగు రోజుల తర్వాత బార్లా తెరుచుకుంది. బిజెక్ చుట్టిన చాప చంకన పెట్టుకుని బయటికొచ్చాడు. ఈ వేళప్పుడు అల్లుడు చాపతో బయటికొస్తే రెండే పనులు. ఎడమకి తిరిగితే జైలోసి మేనమామ వాకిలి. కుడికి తిరిగితే ఎంచేవు వెళ్ళే బాట. మామిడిచెట్టు దగ్గర రెండు దారులూ చీలతాయి. అక్కడిదాకా వచ్చి ఆగాడు.

చాప మీద నమలడాలు కూడా ఆగిపోయాయి. పిలవొచ్చు. పిలిస్తే వెళ్ళేవాడు వెళ్ళనే వెళతాడని లుఫీనాకి భయం.

"ఏమే కోడీ," అంది నాబాండా అటు చూడకుండానే, కాస్త గట్టిగా. "మేనమామ వాకిట్లో మగవాళ్ళు ఇంకా చేతులు కడుక్కోలేదట. ఎవరికోసమో చూస్తున్నారట."

లుఫీనా చేతిలో పెండలం ముక్క చల్లారిపోతోంది. నోట్లో పెట్టుకోలేకపోయింది, కింద పెట్టలేకపోయింది.

మామిడిచెట్టు కింద బిజెక్ చాపని కుడి చంకలోంచి ఎడమ చంకలోకి మార్చుకున్నాడు.